కింద రాసిన మాట

ఛానల్ పెడదామన్న ఆలోచన అఖిలది. పేరు పెట్టింది ఆమే, ఫోన్ ఆమెదే, వీడియోలు కత్తిరించి కింద అక్షరాలు పేర్చేదీ ఆమే. కానీ తెర మీద కనబడేది తండా పిల్ల జమ్లీ. అందుకని కామెంట్లన్నీ జమ్లీకే. 'జమ్లీ అక్కా, మా ఊరికి గూడ రా.' 'జమ్లీ అక్క నవ్వు సూస్తే కోపం దిగుతది.' అఖిల అన్నీ చదివి, మళ్లీ పైనుంచి చదివేది, తన పేరు ఎక్కడైనా కంటికి తప్పిందేమోనని.

ఇద్దరూ బయ్యారం నుంచి ఒకే బస్సులో కాలేజీకి పోతారు. రెండు నెలల కింద, తమ మక్క చేన్లో పడ్డ ఆవును అఖిల తండ్రి ఉప్పలయ్య కట్టెతో కొడితే దాని కాలు విరిగింది. ఆవు జమ్లీ నాయనమ్మ రుక్కిది. బతికింది, అంతవరకు నయం. అప్పటినుంచి ఊరికీ తండాకూ మాటల్లేవు. ఇక్కడ కూలికి పిలిచేవాళ్లు లేరు, అక్కడినుంచి వచ్చేవాళ్లు లేరు. ఒకరి మాట ఇంకొకరికి వినిపిద్దామని పిల్లలిద్దరూ ఈ పని పెట్టుకున్నారు.

చివరికి ఉప్పలయ్య కూడా ఆ వీడియోలకోసం కాచుకోసాగాడు.

"జమ్లీ ఎంత మంచిగ మాట్లాడుతది! అండ్ల నువ్వేం జేస్తవ్ బిడ్డా?"

"కత్తిరిస్త బాపు. అతికిస్త."

"ఓహో, దర్జీ పనా!"

ఆ నవ్వు అఖిలకు అన్నంలో రాయిలా తగిలింది.

ఆదివారం బడి దగ్గర రెండు వైపులవాళ్లూ కూర్చుందామని ఒప్పుకున్నారు. దానికి ముందు, అందరూ ఉన్న గ్రూపులో రుక్కి మాట పెట్టాలి. ముసలమ్మ ఉప్పలయ్యను ఉద్దేశించి లంబాడీలో రెండే ముక్కలు చెప్పింది: "ఆవ్ భియా, ఆవ్." రా అన్నా, రా. మాట విని అక్షరాలు రాసే యాప్, తెలుగు తప్ప తెలియనిది, దాని కింద ఇలా రాసింది: 'ఆవు భయ్యా, ఆవు.'

అఖిలకు 'ఆవ్' అంటే తెలుసు. బస్సులో సీటు ఆపి జమ్లీ రోజూ తనను పిలిచే మాటే. దిద్దబోయి ఆగింది. దిద్దితే, 'జమ్లీ నాయినమ్మ ఎంత మంచిదో' అంటారు. 'రాసింది యాప్, నేను కాదుగా' అనుకుని పంపేసింది.

పది నిమిషాలు పట్టలేదు. ఉప్పలయ్య ఫోన్ మంచం మీదికి విసిరాడు.

"సూసినవా? ఆవునే అడుగుతాంది ముసల్ది! ఆవుకు ఆవు తేవాల్నట. ఆదివారం లేదు, ఏం లేదు!"

గ్రూపులో తిట్లు మొదలయ్యాయి. జమ్లీని కూడా తిట్టేవాళ్లున్నారని చూసి అఖిలకు ఒక్క క్షణం హాయిగా అనిపించింది. అంతలో జమ్లీ గొంతు వచ్చింది.

"అందరికి దండం. నాయినమ్మ ఆవును అడుగలే, రమ్మన్నది. కింద రాసింది నేను, సూసుకోలే. అఖిలను ఏమనకుండ్రి."

జమ్లీ ఒక్క అక్షరం రాయలేదు. అఖిలకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. తప్పును కూడా జమ్లీయే తీసుకుందా? తాను చేసిన ఒక్క పనైనా తన పేరు మీద మిగలదా?

మొదటిసారి ఫోన్ తనవైపు తిప్పుకుంది.

"నేను అఖిలను, ఉప్పలయ్య బిడ్డను. గా మాట రాసింది యాప్, తెలిసి వదిలింది నేను. జమ్లీకి పేరొస్తాందని కుళ్లుకున్న. ముసలమ్మ అన్నది 'రా అన్నా' అని."

ఎక్కడా కత్తిరించకుండా పంపింది.

ఉప్పలయ్య రెండుసార్లు చూశాడు. కూతురి ముఖం చూడలేదు.

"నన్నేనా రమ్మన్నది?"

"నిన్నే బాపు. అన్నా అన్నది."

"కాలిరుగగొట్టినోన్ని పట్టుకోని అన్నా అంటదా!" కాసేపు తల గోక్కున్నాడు. తర్వాత చెప్పులు వెతుక్కున్నాడు. "ఆదివారం దాక ఎందుకు? నడువు, నువ్వు ముందల నడువు. గా భాష నాకేం సమజైతది?"

తండా బాటలో అఖిల ఫోన్ మోగుతూనే ఉంది. తీసి చూసింది. 'చెయ్యని తప్పు మీదేసుకున్నది! జమ్లీ అక్కది ఎంత పెద్ద మనసు!'

పళ్లు కొరికింది. నడక మాత్రం ఆపలేదు.