ఖాళీ ఇళ్ళ అన్న

ఆరిన బట్టల గుట్ట ముందేసుకుని ఆమె టవళ్ళు మడతపెడుతోంది. సోఫాలో కాళ్ళు చాపుకున్న భర్త లేచొచ్చి తన ఫోను ఆమె ముఖం ముందు పెట్టాడు.

"ఇది చూడు ఒకసారి. ఈ టవలు చూడు."

ఫోటోలో ఒక పాడుబడ్డ ఇల్లు. పెచ్చులూడిన గోడ, విరిగిన మంచం, మంచం మీద ఒక టవలు. పొడవుగా మూడు మడతలు, అడ్డంగా రెండు, అంచు లోపలికి దోపి ఉంది.

"పదేళ్ళుగా మనిషి అడుగుపెట్టని ఇంట్లో టవలు ఇంత నీటుగా ఎలా ఉందీ అని జనం కొట్టుకు ఛస్తున్నారు. దయ్యమేనట!" అని పగలబడి నవ్వాడు.

ఆమె ఒళ్ళో ఉన్న టవలుదీ అదే మడత. పొడవుగా మూడు, అడ్డంగా రెండు, అంచు లోపలికి. పన్నెండేళ్ళుగా రోజూ పొద్దున్నే అతను అలమరలోంచి లాక్కునేది ఆ మడతనే. ఆమె చెయ్యి ఆగిపోయింది. ఇప్పుడు చూస్తాడు, ఇదిగో ఇప్పుడు చూస్తాడు అనుకుంది. చూస్తే ఏం చెప్పాలో కూడా తెలీదు. అతను చూశాడు కూడా. "అదిటివ్వు, తుమ్ములొస్తున్నాయి" అని ఆ టవలే లాక్కుని ముక్కు తుడుచుకున్నాడు. ఊళ్ళోవాళ్ళ కళ్ళు పరీక్షించి అద్దాలమ్మే మనిషండీ ఆయన!

ఆ ఫోటో తీసింది ఆమే.

ఆమెది నీటి మీటర్లు చదివే ఉద్యోగం. ఇంటింటికీ వెళ్ళి, మీటరు అంకె ఫోనులో ఫోటో తీసి పంపాలి. తాళం వేసి ఉంటే 'ఇల్లు తాళం' అని నొక్కి ముందుకు సాగిపోవాలి. ఖాళీ ఇళ్ళున్న పాత వీధులన్నీ ఏరి ఏరి సూపర్‌వైజరు ఆమెకే అంటగట్టాడు. "నీకు మంచిదేగమ్మా, మనుషులుండరు, గొడవుండదు" అన్నాడు, అదేదో మేలు చేసినట్టు. లిఫ్టులున్న అపార్ట్‌మెంట్లన్నీ మగవాళ్ళకి. ఇంట్లో అత్తగారిది ఇంకో పాట. "వీధులు పట్టుకు తిరగడం కూడా ఒక ఉద్యోగమేనా?" అనేది. తిరిగి తిరిగి వచ్చిన కోడలు చెప్పులు విడిచి నేరుగా పొయ్యి దగ్గరికి వెళ్ళాలి, అది మాత్రం ఉద్యోగం కాదు గనక ఆవిడకి అభ్యంతరం లేదు.

ఒకరోజు ఎండకి తాళలేక, తలుపులు ఊడిపోయిన ఒక ఇంట్లో కూర్చుని ఆమె అన్నం తింది. ఎవరూ నీళ్ళడగలేదు. ఎవరూ ఉప్పు తక్కువైందనలేదు. గోడమీద పిల్లల ఎత్తు కొలిచిన పెన్సిలు గీతలున్నాయి. "ఎంత ఎదిగిపోయారర్రా!" అని పైకే అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. ఇంట్లో ఆమె మాట్లాడేదేముంది? వడ్డించానండీ, ఇస్త్రీ అయిందండీ, మాత్ర వేసుకున్నారా అత్తయ్యా. వినేవాళ్ళు లేకపోవడం ఖాళీ ఇంట్లో న్యాయమే. మనుషులున్న ఇంట్లో లేకపోవడమే ఆమెని లోపల్లోపల తినేసేది.

అలా మొదలైంది ఫోటోలు తీయడం. 'ఇల్లు తాళం' అనే పేరుతోనే ఒక ఖాతా తెరిచింది. అందులో ఆమె ముఖం లేదు, పేరు లేదు. ఎక్కడిదో చెప్పకూడదు, ఏదీ కదపకూడదు, ఏదీ వెంట తెచ్చుకోకూడదు. ఇలా పాడుబడ్డ ఇళ్ళు చూసి తిరిగేవాళ్ళందరి పద్ధతీ అదే. రెండేళ్ళలో వేలమంది పోగయ్యారు. ఆడో మగో ఒక్కరడిగితే ఒట్టు, అందరిదీ 'అన్నా' అనే పిలుపు. "అన్నా, నీ ధైర్యానికో దండం." "అన్నా, ఇలా తిరుగుతుంటే వదిన ఏమీ అనదా?" చదువుకుని నవ్వుకునేది, ఒక్కోసారి ఏడుపొచ్చేది. భర్తయితే ఆ అన్నకి వీరాభిమాని. "ఇలాంటివి ఆడవాళ్ళవల్ల అవుతాయా? బొద్దింకని చూస్తే బల్లెక్కుతారు" అనేవాడు, ఆమె కొట్టి చంపిన బొద్దింకని ఆమే ఎత్తిపోస్తుండగా.

ఆ టవలు దగ్గరే ఆమె పద్ధతి తప్పింది. నేలమీద పడున్న టవలు కనబడగానే మనసుకంటే ముందు చేతులు పరిగెత్తాయి. దులిపి, మడిచి, మంచంమీద పెట్టాక గానీ ఏం చేసిందో తెలియలేదు. ఎవరూ లేని ఇంట్లో కూడా ఊరికే ఉండలేకపోయాయే అని ఆ చేతుల్ని చూసుకుంటే ఆమెకి ఒళ్ళు మండింది.

శుక్రవారం, ఈ ఇళ్ళ పిచ్చి ఉన్నవాళ్ళ బృందంలో రిటైరైన టీచరమ్మ ఒకావిడ అందరికీ సందేశం పెట్టింది. "ఆదివారం ఊరి చివర పాత ఆసుపత్రికి వెళ్తున్నాం. అనుమతి దొరికింది. సోమవారం కూల్చేస్తారు. 'ఇల్లు తాళం' అన్నగారూ, ఈసారైనా రండి." వెళ్ళాలని ఆమెకి ప్రాణం లాగింది. కానీ ఆదివారమంటే వారం బట్టలు, ఆడపడుచు వాళ్ళ భోజనాలు. కూరగాయలు తరుగుతూ ఆలోచిస్తుంటే, బృందంలో అదే సందేశం చూసిన భర్త వచ్చాడు.

"ఏమోయ్, ఆదివారం నేను పాత ఆసుపత్రికి వెళ్తున్నా. ఆ అన్న వస్తాడేమో. పొద్దున్నే రెండు డబ్బాలు కట్టు. నాకొకటి, ఆయనకొకటి. పాపం, ఒంటరి మనిషి."

"ఒంటరని ఎలా తెలుసండీ?"

"ఫోటోలు చూస్తే తెలీట్లా? ఆ మనిషికి ఇంట్లో మాట్లాడే దిక్కు లేదు."

ఆమె కత్తి పక్కన పెట్టేసింది. ఫోటోల్లో కనబడిన ఒంటరితనం, అదే మనిషి ఎదురుగా కూర్చుంటే కనబడలేదే! ఏడవాలో నవ్వాలో తెలియలేదు. సరే, అతనికి ఒక్క అవకాశం ఇద్దామనుకుంది.

వంటింటి వెనక బట్టలుతికే జాగా ఉంది. కాలు విరిగితే ఇటుక ఆనించిన ఒక స్టూలు, మేకుకి వేలాడే క్లిప్పుల సంచి, చెమ్మకి ఉబ్బిన గోడ. ఆ ఇంట్లో ఆమె నడుం వాల్చేది, ఏడ్చేది, ఫోను చూసుకునేది అక్కడే. పన్నెండేళ్ళలో అతను అటు తొంగిచూసిన పాపాన పోలేదు. శనివారం దాన్ని ఫోటో తీసి ఖాతాలో పెట్టింది. గుర్తుపట్టాడా, అంతా చెప్పేస్తాను, ఇద్దరం కలిసే వెళ్తాం అనుకుంది. ఆ స్టూలుమీదే కూర్చుని, ఫోను చేతిలో పట్టుకుని ఎదురుచూసింది. అతను కూర్చున్న హాలు అక్కడికి పన్నెండడుగులు. పది నిమిషాలకి అతని వ్యాఖ్య వచ్చింది.

"గుండె పిండేశావన్నా. ఎవరో ఆడమనిషి ఉండేది కాబోలు ఇక్కడ. వెళ్ళిపోయి ఎన్నేళ్ళయిందో!"

ఆమె దాన్ని రెండుసార్లు చదువుకుంది. ఇంతలో హాల్లోంచి "టీ!" అని కేక. వెళ్ళి టీ పెట్టి ఇచ్చింది. వెనక్కి వచ్చి టీచరమ్మకి రాసింది. "వస్తున్నానండీ. నేను అన్నని కాదు. ఆడదాన్ని."

ఆదివారం పొద్దున్నే రెండు డబ్బాలూ కట్టింది. ఒకటి బల్లమీద పెట్టి, ఒకటి తన సంచిలో వేసుకుంది. తీగమీది టవళ్ళన్నీ లాగి సోఫాలో గుట్టగా పడేసింది. మడవబోయిన చేతుల్ని ఈసారి ఆపుకుంది.

"ఆదివారం పూట ఎక్కడికే? అమ్మాయి వాళ్ళొస్తున్నారుగా?" అంది అత్తగారు.

"రానివ్వండి అత్తయ్యా. సరుకులన్నీ ఇంట్లోనే ఉన్నాయి."

స్నానాల గదిలోంచి "టవలేదీ?" అని అతను అరిచాడు. సోఫాలో గుట్టలోంచి ఒకటి లాగి అత్తగారే అందించింది. తల తుడుచుకుంటూ బయటికొచ్చి బల్ల వైపు చూశాడు.

"ఇదేంటి, ఒక్కటే ఉంది? అన్నకి కట్టలేదా?"

ఆమె గుమ్మంలో నిలబడి చెప్పులు తొడుక్కుంటోంది.

"కట్టానండీ. ఆ డబ్బా నా సంచిలో ఉంది, అది నాదే. మీరు నెమ్మదిగా రండి, ఆసుపత్రి దగ్గర కలుద్దాం."