చక్రం కింద అనసూర్య

క్రేన్ బయలుదేరిందని మొగిలికి ఫోన్ వచ్చేసరికి సదానందం ఇంకా కెమెరా ట్రైపాడ్ కాళ్లు సరిచేస్తున్నాడు.

"కాకా, జల్ది కానియ్యి. వాళ్లొచ్చినంక నిన్ను లోపల చూస్తే నా డ్యూటీ పోతది," అన్నాడు మొగిలి. మూతపడిన గనికి కాపలా అతను. ఒకప్పుడు సదానందం దగ్గరే పని నేర్చుకున్నాడు కాబట్టి, ఇంకా చీకటి ఉండగానే గేటు తీశాడు.

ఎదురుగా గని చక్రం. నాలుగు ఇనుప కాళ్ల మీద, మేడలన్నిటికంటే ఎత్తున నిలబడి, తాడుతో మనుషులను భూమిలోకి దించి మళ్లీ పైకి తెచ్చిన చక్రం. గోదావరిఖనిలో ఎవరు దారి అడిగినా చక్రానికి ఇవతల, చక్రానికి అవతల అని చెప్పడమే అలవాటు. ఆటోవాళ్లకు అదొక స్టాపు. తుప్పు పట్టి ప్రమాదంగా మారిందని ఈ ఉదయమే దాన్ని కోసేస్తున్నారు.

సదానందం ఉద్యోగమంతా దాని కిందే గడిచింది. రిటైరయ్యాక కెమెరా కొన్నాడు. పిట్టలను తీశాడు, గోదావరిని తీశాడు, చుట్టాల పెళ్లిళ్లు తీశాడు. ఇవాళ కావాల్సింది వేరు. తన కూడు ఎక్కడినుంచి వచ్చిందో ఆ చోటూ, ఆ కూడు వండిపెట్టిన భార్య అనసూర్యా ఒకే ఫొటోలో ఉండాలి. రేపటికి చక్రం ఉండదు.

తెల్లవారే వేళ దానికి ఒక్క ఫొటో చాలదు. ఆకాశం సరిగ్గా పడితే ఇనుము నల్లటి ముద్దవుతుంది. ఇనుము కనబడేలా తీస్తే ఆకాశం తెల్లగా పాలిపోతుంది. అందుకే కెమెరా కదపకుండా, వెలుగు తగ్గిస్తూ పెంచుతూ ఐదు ఫొటోలు తీసి, ఇంటికెళ్లాక కంప్యూటర్‌లో ఒక్కటిగా కలపాలి. ఆ ఐదూ అయ్యేదాకా కింద ఉన్న మనిషి కదలకూడదు. కదిలితే పొగలా మసకబారుతుంది.

అనసూర్య కదులుతూనే ఉంది.

మొదటిసారి కొంగు సర్దుకుంది. రెండోసారి చెప్పులో రాయి దూరిందంది. మూడోసారి ఏ కారణమూ చెప్పకుండానే రెండడుగులు పక్కకు జరిగింది. తూర్పున ఎరుపు పాకుతోంది. ఆ రంగు ఎంతోసేపు నిలవదని సదానందానికి తెలుసు.

"నిలవడుమన్న కాడ నిలవడవేందే? ఫొటోల పొగలెక్క పడుతున్నవ్."

"పొగనే మంచిగుంటది. ఈ మొకం ఎవలు చూస్తరు?"

నవ్వుతూనే అంది. కానీ ఆమె చేతులు నవ్వడం లేదు. కొంగు అంచును మెలిపెడుతున్నాయి. సదానందం కెమెరా వదిలేసి దగ్గరికి నడిచాడు. ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపి, గేటు వైపు చూసింది. మొగిలి వినేంత దగ్గరలో లేడు.

"కప్పు కూలిన నాడు గీడనే నిలవడ్డ," అంది. "పొద్దందాక."

సదానందానికి ఆ రోజు బాగా గుర్తు. లోపల కప్పు కూలి దారి మూసుకుపోతే, అతనూ ఇంకొందరూ పక్క గని బాట పట్టి అటునుంచి బయటపడ్డారు. ఇంటికొచ్చేసరికి తాళం వేసి ఉంది. అనసూర్య దీపాలు పెట్టే వేళకు వచ్చి, అతన్ని చూసి గడపలోనే ఆగి, సంతకు పోయొచ్చానని చెప్పి పొయ్యి ముట్టించింది.

"సంతకు పోయిన్నంటివి గద."

"అబద్ధం చెప్పిన."

ప్రమాదం జరిగిందని గని సైరన్ కూత వినగానే కాలనీలో ఆడవాళ్లంతా ఇక్కడికి పరుగెత్తారట. చక్రం తిరిగినప్పుడల్లా బట్ట కప్పిన ఒక శవాన్ని పైకి తెచ్చేవారట. అది మెల్లగా, ఆగి ఆగి చెప్పింది.

"బట్ట తీసి చూసుడు. నువ్వు కాదు. నా పక్కన ఎవలో కూలవడి ఏడుస్తుంటె, నాకు లోపల నవ్వొచ్చేది. నువ్వు కాదని. గా నవ్వు నవ్వినదాన్ని, నీకెట్ల చెప్పాలె?"

సదానందం ఆమెకు ఇంకా దగ్గరగా జరిగాడు. ఇన్నేళ్లూ తన పక్కనే పడుకున్న మనిషి. ఆమె నెత్తి మీద చెయ్యి వేశాడు. తర్వాత వెనక్కి వెళ్లి ట్రైపాడ్ మడవబోయాడు.

"మడుస్తున్నవేంది?"

"ఇంటికి పోదాం పా. నాకు అద్దు ఈ ఫొటో."

రోడ్డు మీద పెద్ద బండి గేరు మార్చిన చప్పుడు వినిపించింది. మొగిలి పరుగున వస్తూ చెయ్యి ఊపుతున్నాడు.

"నేనొక్కదాన్నే నిలవడితె ఎదురుచూసినట్టుంటది," అంది అనసూర్య. "నువ్వచ్చి పక్కకు నిలవడు. గప్పుడు కదల."

సదానందం మళ్లీ కెమెరా మీదికి వంగాడు. టైమర్ పెట్టాడు. ఐదు ఫొటోలూ కెమెరా దానంతటదే తీసుకునేలా మీట తిప్పి, నొక్కి, మోకాలి నొప్పిని పక్కనపెట్టి పరుగెత్తాడు. మొగిలి మధ్యదారిలో ఆగిపోయాడు. సదానందం వెళ్లి ఆమె పక్కన నిలబడగానే, అనసూర్య అతని ముంజేతిని గట్టిగా పట్టుకుంది.

కెమెరా క్లిక్‌మంది. మళ్లీ క్లిక్‌మంది. గేటు దగ్గర క్రేన్ హారన్ కొట్టింది. మొగిలి ఉలిక్కిపడ్డాడు కానీ, అనసూర్య రెప్ప కూడా వేయలేదు. తలెత్తి సూటిగా చూస్తోంది. ఆ నిలకడ చూడాలనిపించి సదానందం ఆమె వైపు తిరిగాడు.

ఐదూ అయిపోయాయి.

కెమెరా తెర మీద ఒక్కొక్కటే చూశారు. ఒకదానిలో ఎర్రటి ఆకాశం, ఒకదానిలో తుప్పు మచ్చలతో సహా ఇనుము. ఐదింటిలోనూ అనసూర్య చెక్కినట్టు స్పష్టంగా ఉంది. పక్కన సదానందం మొహమే, చివరి వాటిలో ఆమె వైపు తిరిగి, చెరిగిపోయి ఉంది.

"మొత్తం ఖరాబు చేసినవ్," అంది.

క్రేన్ లోపలికి వచ్చేసింది. మళ్లీ తీసే వీలు లేదు. తన మొహం బాగా పడిన ముక్క మొదటి ఫొటోల్లో దొరుకుతుందని, అది అతికిస్తే సరిపోతుందని సదానందం చెప్పబోయాడు.

"అద్దు," అంది అనసూర్య, తెర మీది ఆ మసక మీద వేలు పెట్టి. "నన్ను చూస్తున్నవ్ గద. గట్లనే ఉండనియ్యి."