వంతెన కదిలిన పొద్దు

సాంబమూర్తికి ఆ డబ్బాలంటే మొదట్నుంచీ గిట్టదు. చల్లపల్లి దగ్గర వాళ్ళ ఊరి కాలవ మీదున్న పాత వంతెనకు విజయవాడ ఇంజనీరింగ్ కాలేజీవాళ్ళు సబ్బుపెట్టెలంత తెల్ల డబ్బాలు బిగించి వెళ్ళారు. వాటికి వైర్లు లేవు. వంతెన ఏమాత్రం వంగినా, ఒరిగినా అవి గాలిలోనే ఒకదానికొకటి కబురందించుకుని విజయవాడ దాకా చేరవేస్తాయట. కోతలు కోస్తున్నారని సాంబమూర్తి నవ్వేశాడు.

ఇవాళ ఆ నవ్వు ఆగిపోయింది. ఆ కాలేజీ లెక్చరర్ సబీహా పొద్దున్నే దిగింది. రోజూ ఉదయం, బండ్లు లేనప్పుడు కూడా ఒక డబ్బా వంతెన కదిలిందంటోందట. తీరా చూస్తే ఆ డబ్బా ఉన్న రెయిలింగు స్తంభానికే సాంబమూర్తి పడుగు కట్టి ఉంది. మగ్గానికెక్కే నిలువు దారాలన్నీ సాగదీసి గంజి పట్టించాలంటే నేతవాళ్ళ వీధిలో అంత చోటు లేదు. తాతల నాటినుంచీ వంతెన అంచే దిక్కు. ఇక ఆ చోటు కూడా పోయినట్టేనని అతని గుండెల్లో రాయి పడింది.

"నా పడుగు వల్ల మీ మిషను పాడైందా అమ్మా?"

ఆమె పడుగును ఒకసారి లాగమంది. లాప్‌టాప్‌లో డబ్బా కదలిక చూపే గీత లేచింది. వదలమంటే దిగింది. ఈసారి వంతెన అడుగున, ఏ దారమూ తగలని దూలానికున్న డబ్బా గీత తెరిచి మళ్ళీ లాగమంది. అదీ లేచింది. సబీహా ముఖం పాలిపోయింది.

"మీ తప్పేం లేదండీ. నూలు లాగితే కదిలే వంతెన కాదిది. లోపలెక్కడో విరిగింది."

సాంబమూర్తి పడుగును మెల్లగా, పసిబిడ్డ చెయ్యి పట్టుకున్నట్టు లాగి చూశాడు. గీత కాస్తంత లేచింది. అతని ఒళ్ళు జలదరించింది. అంత లావు సిమెంటు కట్టడం తన చేతికి కదులుతోంది, కంటికందని ఆ కదలిక నోరులేని డబ్బాకు తెలుస్తోంది. దండం పెట్టాలనిపించింది. ఎవరికి పెట్టాలో తోచలేదు.

సబీహా ఫోన్ చేస్తే, రోడ్ల శాఖ అధికారి రామకోటేశ్వరరావు మనుషుల్ని పంపుతానని, ఈలోగా బండ్లు ఎక్కకుండా చూడమని అన్నాడు. చూడటమంటే మాటలా? ఆమె చున్నీ ఊపుతుండగానే ఒక లారీవాడు హారన్ కొట్టి దూసుకుపోయాడు. గీత పైకి లేచి, మళ్ళీ పాత చోటికి దిగలేదు. సబీహా అవతలి ఒడ్డున ఆగిన తన జీపును రోడ్డుకు అడ్డం పెట్టించింది. ఇవతల అడ్డం పెట్టడానికి ఏమీ లేదు, మలుపులో మాత్రం స్కూలు బస్సు కనబడింది.

సాంబమూర్తి ముడి విప్పాడు. ఇంకా గంజి తడి ఆరని పడుగు, ఇంటిల్లిపాదీ చేసిన పని. దుమ్ములో పడితే ఇక మగ్గమెక్కదు. అతనూ, పడుగు పనిలో తోడున్న భార్య సుబ్బరత్నం చెరో కొసా పట్టుకుని రోడ్డుకు అడ్డంగా చాచారు. చాచిన పడుగును ఆ ఊళ్ళలో ఎవరూ దాటరు, పెళ్ళి ఊరేగింపైనా పక్కకు తిరిగి పోవాల్సిందే.

బస్సు కీచుమంటూ ఆగింది. డ్రైవర్ అష్ఫాక్ తిట్టబోయి, పడుగును చూసి ఇంజను ఆపేశాడు. పిల్లలు దిగుతుండగా వంతెన నడిమి భాగం పెద్ద నిట్టూర్పుతో కుంగి, రెయిలింగుతో సహా కాలవలోకి జారింది.

దుమ్ము వచ్చి పడుగు మీద పడింది. సాంబమూర్తి కొస వదల్లేదు.