లారీల లైనులో మొక్కజొన్న

హైవే మీద లారీలకు వేరే లైను ఉండాలా వద్దా అని పెద్దలు చాలా కాలం ఆలోచించారట. పేపర్లో రాశారు, టీవీలో కూర్చుని వాదించుకున్నారు. వాళ్లలో ఒక్కడైనా లారీ క్యాబిన్ ఎక్కిన పాపాన పోలేదు. ఎక్కమంటే కాలు ఎక్కడ పెట్టాలో కూడా తెలిసి ఉండదు. చివరికి, నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా పెట్టి చూద్దాం, బాగుంటే మిగతా దేశానికి పెడదాం అన్నారు. మందు ముందు కుక్కకు పోసి చూసినట్టు.

జనవరిలో షామియానా వేసి, రిబ్బను కత్తిరించి, నీలం బోర్డులు నాటారు. ‘భారీ వాహనాలు ఎడమ లేన్‌లో మాత్రమే’. మా డ్రైవర్లందరినీ పిలిచి తలా ఒక బిస్కెట్ పాకెట్టు ఇచ్చారు. అజయ్ కుమార్ అని ఒక ఆఫీసరు, ఇస్త్రీ చొక్కా మనిషి, మైకు పట్టుకుని, “డ్రైవర్ సోదరులారా, ఇది మీ మంచి కోసమే” అన్నాడు. నాకు యాభై దగ్గర పడింది. నా మంచి కోసం అని ఎవడైనా మైకు పట్టుకున్న ప్రతిసారీ నా జేబుకో, నా నడుముకో చిల్లు పడింది. బిస్కెట్లు మాత్రం తిన్నాను.

రోడ్డు ఎటు పోయినా రెండేసి లైన్లు. కుడిది కార్లకు, ఎడమది మాకు. లారీ కుడి లైనులోకి పోతే స్తంభం మీద కెమెరా ఫొటో తీస్తుంది. మూడు ఫొటోలు పడితే లైసెన్సు ఆరు నెలలు లాక్కుంటారు. నాకు అప్పటికే రెండు పడ్డాయి.

నేను ఆరో తరగతిలో బడి మానేసినవాణ్ణి. బేతంచెర్లలో బండలు ఎత్తించుకుని కడపకు తోలుకుపోవడం తప్ప నాకు ఇంకో పని రాదు. లైసెన్సు లేనివాడికి ఏ ఓనరూ తాళం ఇవ్వడు. మా ఓనరైతే అసలే ఇవ్వడు. ఆయనకు యేసుప్రభువు మీద కంటే ఇన్సూరెన్సు మీద నమ్మకం ఎక్కువ. మా చర్చిలో ముందు వరసలో కూర్చునేదీ ఆయనే.

ఆ రెండు ఫొటోలూ ఎందుకు పడ్డాయో చెప్తాను. సిరివెళ్ల దాటాక ఎడమ లైను నిండా మొక్కజొన్న. చుట్టుపక్కల పల్లెలవాళ్లు కోత కాగానే గింజలు తెచ్చి రోడ్డు మీద ఆరబోస్తారు. అది ఎప్పటినుంచో ఉన్నదే. అంత నున్నటి కల్లం వాళ్లకు ఇంకెక్కడ దొరుకుతుంది? గింజల చుట్టూ వరసగా రాళ్లు పెడతారు, కొసలో ఒక కంపకొమ్మ నిలబెడతారు. అది చూడగానే లారీవాడు పక్కకు తిప్పుకుంటాడు. గింజ మీద చక్రం పోనివ్వకూడదు. నాకు స్టీరింగ్ నేర్పిన అబ్దుల్ రహిమాన్ మామ బ్రేకు, క్లచ్చి కంటే ముందు చెప్పిన మాట ఇది. “తినేదాన్ని తొక్కినోడికి కూడు పుట్టదు రా” అనేవాడు. మా వైపు డ్రైవర్లందరికీ ఎవరో ఒక మామ ఈ మాట చెప్పే ఉంటాడు.

లారీలకు లైను గీసిన పెద్దలకు ఆ మాట చెప్పిన మామ లేడు. వాళ్ల లెక్కలో ఎడమ లైను ఖాళీ. తిప్పుకున్నవాడికి ఫొటో, తొక్కి పోయినవాడికి ఏమీ లేదు. బయటి రాష్ట్రాల బండ్లు కొన్ని గింజల్ని పిండి చేసుకుంటూ పోతాయి. చట్టం ప్రకారం వాళ్లే మంచి డ్రైవర్లు.

మార్చిలో ఒకనాడు పొద్దున బండల లోడుతో పోతున్నాను. మూడో ఫొటో పడనివ్వనని ఇంట్లో మా ఆవిడ కరుణ తలకాయ మీద చెయ్యి పెట్టి ఒట్టేసి మరీ బయలుదేరాను. సిరివెళ్ల దాటాను. కనిపించింది. ఎడమ లైను, దాని పక్కన మట్టి దారి, రెండూ గింజలతో పసుపుపచ్చగా మెరుస్తున్నాయి. సరిగ్గా కెమెరా స్తంభం కింద. ఇంకెక్కడా చోటు లేనట్టు.

బండ్లో బండలుంటే గట్టిగా బ్రేకు కొట్టకూడదు, ముందు వరస పగిలిపోతుంది. మెల్లగా ఆపుకుంటూ వచ్చి కంపకొమ్మ ముందు నిలబెట్టాను. వెనక నవాజ్ ఆపాడు. వాడు అబ్దుల్ రహిమాన్ మామ కొడుకు, వాడిదీ బండల లోడే. వాడి వెనక ఇంకో లారీ, దాని వెనక ఇంకొకటి. కుడి లైనులో కార్లు మా పక్కనుంచి జుయ్యిమని పోతున్నాయి. ఒకడు అద్దం దించి, “లైను ఇచ్చినా నడపడం చేతకాదు వీళ్లకు” అని పోయాడు.

స్తంభం నీడలో ఒక ముసలావిడ గొడుగు పట్టుకుని కూర్చుంది. దిగి పోయాను.

“ఏందవ్వా ఇది?”

“కనపడ్లేదా? మొక్కజొన్న” అంది.

“మొక్కజొన్నని తెలుసు. మా లైన్లో ఎందుకు పోసినావు? ఆ బోర్డు చూసినావా?”

“సూసినా. మా మనవడు సదివి చెప్పినాడు. అందుకే ఈడ పోసినాం.”

“అందుకేనా?”

“లారీలోళ్లు తొక్కరు గదప్పా. ఇంతకు ముందు ఏ లైన్లో ఎవడు వస్తాడో తెలిసేది కాదు. కార్లోళ్లు యముళ్ల మాదిరి వచ్చి తొక్కేసి పోతాండ్రి. ఇప్పుడు గౌర్మెంటోళ్లే మీకని ఒక లైను గీసి ఇచ్చినారు. ఊరంతా పక్క లైన్లోదీ, సర్వీసు రోడ్లోదీ ఎత్తి మీ లైన్లో పోసుకున్నాం.”

“కెమెరా కింద్నే ఎందుకు పోయాల?”

“దాన్ని సూస్తే ఎంత మొగోడైనా బండి మెల్లగా తోల్తాడు. కావలి ఉన్నట్టుంటాది.”

మా మంచితనం మీద ఊరంతా మొక్కజొన్న ఆరబెట్టుకుంటోంది. అజయ్ కుమార్‌కు రాని తెలివి ఈమెకు వచ్చింది, దెబ్బ మాత్రం ఇద్దరూ నాకే కొట్టారు.

“అవ్వా, పక్కకు తిప్పుకుంటే నా లైసెన్సు పోతాది. ఎత్తెయ్యి.”

“యాడికి ఎత్తేది? సాయంత్రం దాకా ఎండల్ల. ఎత్తాల్నంటే నువ్వే రా, గోతాలు పట్టు. నా పేరు గోవిందమ్మ. ఈ గింజలు పోతే ఈ ఏడాది నాకేం లేదు, నీకు తెలియాలని చెప్తాండా.”

నవాజ్ వచ్చాడు. “ఏందన్నా, పెళ్లి మాటలు మాట్లాడతాండావా? ఎనక సిరివెళ్ల దాకా నిలబడినారు.”

బోర్డు మీద ఫోన్ నంబరు ఉంది. చేశాను. ఒక అమ్మాయి ఎత్తింది, గొంతు తియ్యగా ఉంది.

“మేడం, లారీల లైను మూసుకపోయింది. బండ్లు నిలబడిపోయినాయి.”

“కుడి లేన్ కదులుతోందా సార్?”

“కదుల్తాంది.”

“అయితే ట్రాఫిక్ సాఫీగానే ఉంది సార్” అని పెట్టేసింది.

అర్థమైంది. లారీలు నిలబడితే దాన్ని ట్రాఫిక్ ఆగడం అనరు. ఒక్క కారు నిలబడి ఉంటే జీపులు సైరన్లు వేసుకుని వచ్చేవి. దేశానికి ఉప్పూ పప్పూ, ఇంటికి బండా ఇటుకా మోసుకొచ్చేది మేము. మేము ఆగితే సాఫీ.

“అన్నా, తొక్కేసి పో” అన్నాడు నవాజ్ చిన్నగా. “నాయన చెప్పింది నిజమే గానీ, నాయనకు కెమెరా తెలీదు గదా.”

“మీ నాయన మాట నాకు నువ్వు చెప్తాండావా?”

“మరేం చేస్తావ్? ఈణ్ణే కాపరం పెడతావా?”

వాడు అన్నదాంట్లో తప్పు లేదు. బండెక్కాను. ఫస్టు గేరు వేశాను. ఆ గోవిందమ్మ ఎవరు నాకు? మా మీద నమ్మకమంట, నమ్మకం. నమ్మకంతో నా ఇంట్లో పొయ్యి వెలగదు. తొక్కి తీరాలనుకున్నాను, నిజంగానే అనుకున్నాను. బండి కదిలింది. ముసల్ది ఏడుస్తుంది, దుమ్మెత్తి పోస్తుంది, చక్రం కింద పడతానంటుంది, ఇవన్నీ ముందే అనుకుని మనసు రాయి చేసుకున్నాను.

ఆమె ఏడవలేదు. గొడుగు పక్కన పడేసి లేచి వచ్చింది. నా ముందు చక్రం ఎదురుగా ఉన్న రాళ్లు వంగి వంగి తీయడం మొదలుపెట్టింది.

“ఏం చేస్తాండావవ్వా?” అని కిటికీలోంచి అరిచాను.

“రాయి మీదెక్కితే టైరు పగుల్తాది నాయనా. పో, బేగా పో. ఎనకోళ్లు అరుస్తాండారు.”

నన్ను ఎన్నో రకాల మనుషులు ఎన్నో రకాలుగా మోసం చేశారు గానీ, ఇంత అన్యాయంగా ఎవరూ చేయలేదు. తిట్టి ఉంటే తొక్కేవాణ్ణి. నోటికొచ్చిన బూతులన్నీ తిట్టుకున్నాను, ఆమెను, నన్ను, బోర్డులను, బిస్కెట్లను. స్టీరింగ్ కుడికి కొట్టాను. పక్కనుంచి ఒక కారువాడు హారను పగిలేలా మోగించాడు. స్తంభం మీద కెమెరా టక్కుమంది. వెనక నవాజ్ కూడా నా చక్రాల జాడలోనే వచ్చాడు. వాడికది మొదటి ఫొటో, వాడికేం, ఇంకా రెండున్నాయి.

పది రోజుల్లో పిలుపు వచ్చింది. నంద్యాలలో అజయ్ కుమార్ ఆఫీసు. గదిలో ఏసీ, గోడ మీద మా లైను పటం, రంగులేసి ఉంది. ముందు నా లైసెన్సు అడిగి తీసుకుని, నా ఫొటో కంప్యూటర్లో పెట్టి తిప్పి చూపించాడు.

“ఇది నీ బండేనా?”

“నాదే సార్.”

“ఎడమ లేన్ చూడవయ్యా, నీ ముందు ఒక్క వాహనం కూడా లేదు. ఇంత ఖాళీ లేన్ ఇచ్చినా కుడి వైపు ఎందుకు పోతారు మీరు? ఇది జబ్బా?”

“ఖాళీ లేదు సార్. మొక్కజొన్న ఉంది.”

ఆయన కళ్లజోడు పెట్టుకుని బొమ్మను పెద్దది చేశాడు. “ఓహో, ఇదా? నేను రోడ్డుకు రంగు వేశారేమో అనుకున్నాను” అన్నాడు. ఆ లైను పెట్టించిన మనిషి ఆయన. మూడు నెలల్లో ఒక్కసారి కూడా దాని మీద పోలేదని అప్పుడు తెలిసింది. పోయినా కుడి లైనులో, కారులో, అద్దాలు ఎత్తుకుని పోయి ఉంటాడు.

కాసేపు బల్ల మీద వేలితో కొట్టుకుని, కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. గొంతు మారింది.

“చూడు జీవరత్నం. రోడ్డు మీద ధాన్యం పోసేవాళ్ల మీద కేసులు పెట్టమని పైనుంచి చంపుతున్నారు. మావాళ్లు పోయి అడిగితే ప్రతివాడూ నాది కాదంటాడు. నువ్వు అక్కడ ఆగావు, మాట్లాడావు. ఫొటోలో ఎవరో మనిషి కూడా ఉన్నట్టుంది. పేరు చెప్పు. గింజలు స్వాధీనం చేసుకుంటాం, కేసు వాళ్ల మీద రాస్తాం. అడ్డం ఉంది కాబట్టి తిప్పావని నీ చలానా కొట్టేస్తాను. లైసెన్సు ఇప్పుడే తీసుకుని పోవచ్చు.”

నా లైసెన్సు ఆయన చేతికింద, గాజు బల్ల మీద ఉంది. పేరు నా నాలుక మీద ఉంది. నాలుగు అక్షరాలు. ఆమె నాకు చేసిందేముంది? నా లైనులో కూర్చుని నా కూడు పోగొట్టింది, పైగా గోతాలు పట్టమంది. చెప్పినా ఏ దేవుడూ తప్పనడు. కరుణ అయితే చెప్పనందుకు వారం రోజులు మాట్లాడదు. చెబుదామని నోరు తెరిచాను కూడా.

ఆయన పెన్ను మూత తీసి, రాసుకోవడానికి సిద్ధంగా, నవ్వుతూ చూస్తున్నాడు. ఆ షామియానా కింద నవ్విన నవ్వే. ఇది మీ మంచి కోసమే అన్నప్పటి నవ్వు.

“పేరు అడగలేదు సార్” అన్నాను.

“మగా, ఆడా?”

“గొడుగు అడ్డముండె సార్. కనపడ్లేదు.”

నవ్వు పోయింది. “నీలాంటివాళ్ల వల్లే దేశం ఇట్లుంది” అన్నాడు. నా లైసెన్సు సొరుగులో పడేసి, ఆరు నెలలు అని రాసి, కింద సంతకం గీకాడు. నేను తల ఊపి బయటికి వచ్చాను.

బయట నవాజ్ వేపచెట్టు కింద బీడీ తాగుతున్నాడు. నా మొహం చూడగానే తెలిసిపోయింది వాడికి. జరిగింది చెప్పాను. బీడీ కింద పడేసి తొక్కాడు.

“పిచ్చి పట్టిందా అన్నా నీకు? ఒక్క పేరు చెప్పింటే పోయేది. ఆ ముసల్ది నీకేమన్నా అత్తనా?”

“అత్తయింటే చెప్పేవాణ్ణే” అన్నాను.

వాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. జేబులోంచి లారీ తాళం తీసి, ఓనరుకు ఇచ్చెయ్యమని వాడి చేతిలో పెట్టి, మా ఆవిడకు ఏం చెప్పాలా అనుకుంటూ బస్టాండు వైపు నడిచాను.