శనివారం ఊడే గుండీ

నలభై ఏళ్ళు ఊరందరికీ బట్టలు కుట్టిన అత్తగారికి ఇప్పుడు తన ఇల్లే గుర్తులేదు. సాయంత్రం అయిదయ్యేసరికి సంచీ చంకన పెట్టుకుని గుమ్మం దగ్గర నిలబడేవారు.

"తలుపు తియ్యి. మా ఇంటికి పోవాలి."

"ఇదే మీ ఇల్లు అత్తయ్యా" అని కోడలు నచ్చజెప్పబోతే అరుపులు, ఏడుపులు, ఒక్కోసారి రక్కడాలు. భర్త పని నుంచి వచ్చేసరికి రాత్రయ్యేది. ఎనిమిది నెలలుగా కోడలు గడప దాటలేదు. దవడ పన్ను ప్రాణం తోడేస్తున్నా మాత్రలు మింగుతూ నెట్టుకొస్తోంది.

కాలేజీ పిల్లలు ఇలాంటి ఇళ్ళకి శనివారాలు వచ్చి రెండు గంటలు తోడుంటారని తెలిసి పేరు రాయించింది. తీరా చూస్తే పుల్లలాంటి పిల్ల. పైగా చొక్కాకి పైగుండీ లేదు. తన గుండీ తనకే పట్టని మనిషి మా అత్తగారినేం చూస్తుందని సణుక్కుంటూనే పళ్ళ డాక్టరు దగ్గరికి పరుగెత్తింది.

తిరిగొచ్చేసరికి అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని ఆ గుండీ కుడుతున్నారు.

"ఇంటికి తీసుకెళ్తాను అమ్మమ్మా, కానీ ఇలా గుండీ లేకుండా ఎలా రానూ అన్నానాంటీ. అంతే, కూర్చున్నారు."

తర్వాతి శనివారమూ గుండీ లేదు. ఆపై వారమూ లేదు. ఎంత బద్ధకమో అనుకుంది కోడలు. నాలుగోవారం కిటికీలోంచి చూస్తే, ఆ పిల్ల గేటు దగ్గర ఆగి, చిన్న కత్తెరతో గట్టిగా ఉన్న గుండీని తెంపి జేబులో వేసుకుంటోంది.

దొరికిపోయి నాలుక కరుచుకుంది. "మొదటిసారి నిజంగానే ఊడిందాంటీ!"

కోడలికి ఆ పిల్లకి దండం పెట్టాలనిపించింది. ఇన్నాళ్ళూ తను అత్తగారితో వాదించిందే గానీ, ఆ చేతులకి ఒక్క పని ఇచ్చిన పాపాన పోలేదు.

పరీక్షలని ఆ పిల్ల రాని శనివారం రానే వచ్చింది. అయిదయింది. సంచీతో అత్తగారు గుమ్మంలో నిలబడ్డారు. కోడలు లోపలికెళ్ళి, తన కుర్తీ గుండీ తెంపుకుని వచ్చింది.

"వెళ్దాం. ముందు ఇది కాస్త కుట్టిపెట్టరూ?"

అత్తగారు సూది అందుకున్నారు. "ఎవరమ్మాయివే నువ్వు? మీ ఇంట్లో కుట్టేవాళ్ళు లేరా?"

"మా అత్తగారున్నారండీ. ఆవిడ కుట్టింది ఊడమన్నా ఊడదు."

అత్తగారు దారం కొరికి, కోడలి ముఖంలోకి చూశారు. "అంత బాగా కుడుతుందా? అయితే నన్ను ఆవిడింటికే తీసుకెళ్ళు."

కోడలు తలుపు తీసింది. చెయ్యి పట్టుకుని వీధి చివరిదాకా నడిపించి, వెనక్కి తిప్పి, అదే గుమ్మం ఎక్కించింది.

"ఇదేనండీ మా అత్తగారిల్లు."

అత్తగారు తిన్నగా వెళ్ళి కుట్టుమిషను ముందు కూర్చున్నారు.