కథ ఆపిన చదివింపు

ఉక్కు ఫ్యాక్టరీ పనులు మొదలైన రోజులవి. వన్ టౌన్ పందిట్లో తవిటయ్య దళం బుర్రకథ చెబుతోంది. గోడ కూలి చచ్చిపోయిన కూలీ గంగులు కథ అది. ఆ గోడ కట్టించిన కాంట్రాక్టరు దొరబాబు ముందు వరస కుర్చీలోనే ఉన్నాడు. ఏటా పందిరికీ మైకుకీ ఖర్చు ఆయనదే. ఫలానా కథే చెప్పమని ఏనాడూ అడగలేదు.

గంగులు భార్య అసిరమ్మ నేల మీద కూర్చుని, గోడ కూలిన చోట వచ్చే మొగుడి పేరు కోసం చెవులప్పగించి వింటోంది.

కథ గోడ దగ్గరకు రాగానే దొరబాబు మనిషి నోటు పట్టుకొచ్చాడు. చదివింపు వస్తే కథ ఆపి దాతను పొగడడం ఆనవాయితీ. తవిటయ్య పొగిడాడు. మళ్లీ గోడ దగ్గరకొచ్చాడు. మళ్లీ నోటు వచ్చింది.

వంతపాడే జగ్గారావు గొణిగాడు. "సాల్లే బావా, ఇంక అందుకోకు."

"ఒద్దంటే పైయేడు పందిరెవులేత్తారు? నీ మావ ఏత్తాడా?"

ఇంకో రెండు నోట్లయ్యేసరికి పర్మిషన్ టైము అయిపోయిందని కానిస్టేబులు మైకు ఆపించేశాడు. జనం లేచారు.

అసిరమ్మ దగ్గరకొచ్చింది. "మా ఆయన పేరు సెప్పనేదేటన్నా?"

తవిటయ్య నోరు తెరిచేలోగా మరో నోటు చేతిలో పడింది. ఆగిపోయిన మైకు ముందే నిలబడి, ఆమె చూస్తుండగా, దొరబాబు పేరు చదివాడు.