నేల మీద పరిచిన పేపరు

కత్తి మొనతో ఉల్లిపొట్టును పక్కకు నెట్టి, దాని కింద కనిపించిన ఇంగ్లీషు మాట మీద మొన ఆనించింది యేసమ్మ. ఎదురుగా కూర్చున్న నాగలత పెదాలు కదిలాయి. చేతిలో ఉల్లిగడ్డ ఒలవడం మాత్రం ఆగలేదు. ఆగకూడదు. చేతులు గంగులయ్యవి, కళ్ళు మనవి అన్నది యేసమ్మ మొదటి రోజే పెట్టిన షరతు.

“విజిట్” అంది నాగలత.

ప్రొద్దుటూరు పాత బస్టాండు వెనక గంగులయ్య మెస్సులో రోజూ ఆరింటికే ఈ పని మొదలవుతుంది. వంటింటి వెనక వరండాలో రెండు బస్తాల ఉల్లిగడ్డలు, గంపెడు తెల్లగడ్డలు, వాటి చుట్టూ ముగ్గురు ఆడవాళ్ళు. పదకొండయ్యేసరికి ఎర్రగుంట్ల సిమెంటు లారీల డ్రైవర్లూ, పులివెందుల బస్సు దిగినవాళ్ళూ భోజనానికి వచ్చిపడతారు. పొట్టు చెదరకుండా కింద పేపరు పరవాలి. అది ఇంగ్లీషు పేపరే అయివుండాలని యేసమ్మ పట్టు. పాత కాగితాల అంగడి లాల్ బాషా ఆమె కోసం నిన్నటి పేపరొకటి మడిచి దాచి ఉంచుతాడు.

ఆనాటి వార్త కరువు చూడడానికి ఢిల్లీ నుంచి వచ్చిన బృందం గురించి. విజిట్ అంటే ఏమిటని యేసమ్మ అడిగితే మూడో మనిషి ఖాజాబీ తడుముకోకుండా చెప్పింది, వచ్చి, కారు దిగీ దిగకుండా చూసి, పొద్దు గూకేలోపల పోయేదని. ఖాజాబీ నాగలతలాగా ఏ దేశమూ పోయేది కాదు. అల్లుడు తన ముందర ఫోన్లో ఇంగ్లీషు మాట్లాడుతుంటాడు, వాడు తనను ఏమంటున్నాడో కనిపెట్టాలన్నదే ఆమె చదువంతా.

యేసమ్మకు యాభై తొమ్మిదేళ్ళు. సన్నటి మనిషి. ఎడమ బొటనవేలి నిండా పాత కత్తిగాట్లు. ఒక కాడ విరిగిన కళ్ళజోడును నల్లదారంతో చెవికి కట్టుకుంటుంది. ఆమె తాత జమ్మలమడుగులో మిషన్ దొరలకు ముప్పై ఏళ్ళు నీళ్ళు మోశాడు. అంతకాలం మోసి ఆయన నేర్చిన ఇంగ్లీషు ‘వాటర్’ ఒక్కటేనని ఆమే నవ్వుతూ చెబుతుంది. తను ఏడో తరగతి దాకా చదివింది. మొగుడు పోయాక కువైట్‌లో ఒక ఇంట్లో వంటపనికి కుదిరింది. పద్నాలుగేళ్ళు. ఒకరోజు ఆ ఇంటి పిల్లవాడి బొమ్మల పుస్తకం తిరగేస్తుంటే మేడమ్ వచ్చి చేతిలోంచి లాక్కుంది. వంటమనిషికి పుస్తకమెందుకు? ఆ మధ్యాహ్నం ఉల్లిగడ్డలు ఒలవడానికి కూర్చుంటే, కింద పరిచిన పేపరులో మంటల బొమ్మ, దాని పైన పెద్ద అక్షరాలు. ఫైర్. నేల మీద పరిచిన కాగితం వైపు చూడొద్దని ఎవరు మాత్రం అనగలరు? ఆ రోజునుంచి యేసమ్మ వంచిన తల ఎత్తలేదు. మేడమ్ అది వినయమనుకుంది.

పేపరు ఎప్పుడూ యేసమ్మ వైపుకే తిరిగి ఉంటుంది. ఎదురుగా కూర్చున్నవాళ్ళకు అక్షరాలన్నీ గబ్బిలాల్లా తలకిందులుగా వేలాడతాయి. నాలుగు నెలల కిందట వచ్చిన కొత్తలో నాగలత తన వైపుకు తిప్పమని బతిమాలింది.

“ఆడికి పోయినంక నీ పక్కకు తిప్పి పెట్టేవాళ్ళు ఎవురుంటారే పాపా? ఎట్లుంటే అట్లే సదువు.”

మొదట్లో ఏడుపొచ్చింది నాగలతకు. ఇప్పుడు తిన్నగా ఉన్న పేపరు ఇస్తేనే తడబడుతుంది.

ముప్పై రెండేళ్ళ నాగలతది జమ్మలమడుగు పక్కన గొర్రెలు మేపుకుని బతికే ఇల్లు. వరసగా మూడేళ్ళు వానలు మొహం చాటేస్తే మంద మొత్తం అమ్ముకున్నారు. కువైట్‌లో ఒకే ఇల్లు, ఇద్దరు పిల్లలు, రెండేళ్ళ పని అని ఏజెంటు ఉదయ్ కుమార్ చెప్పాడు. దూరపు కొండలు నునుపని యేసమ్మకు తెలియనిది కాదు. అయినా పోవద్దని అనలేదు. పోయేవాళ్ళను ఆపడం ఆమె పని కాదు, కళ్ళు తెరుచుకుని పొమ్మనడమే ఆమె పని. సంతకానికి రమ్మన్నది ఆ రోజే. అది పెట్టేస్తే మూడో నాడు విమానం.

వడ్డన మొదలుకాగానే ఇద్దరూ బయలుదేరారు. బంగారు అంగళ్ళ వీధిలో మేడమీద ఏజెంటు ఆఫీసు. బయట బెంచీ మీద పల్లెల నుంచి వచ్చిన నలుగురు ఆడవాళ్ళు పాస్‌పోర్టులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. సంతకం పెట్టే మనిషే లోపలికి రావాలని, ఆయమ్మను బయటే ఉండమని ఉదయ్ కుమార్ చెప్పాడు. యేసమ్మ గడప దగ్గర నిలబడింది.

అతను కాగితాలు తన ముందు పెట్టుకుని, వేలితో వరసలు చూపుతూ తెలుగులో చెప్పుకుపోతున్నాడు. కువైట్. ఒకే ఇల్లు. రెండేళ్ళు. అంత దూరం నుంచి యేసమ్మ కళ్ళకు ఒక్క అక్షరమూ ఆనలేదు. జీవితంలో అంత అసహాయంగా ఆమెకు ఎప్పుడూ అనిపించలేదు. నాగలత తల వంచుకుని బల్ల మీదికి చూస్తోంది. పెదాలు కదులుతున్నాయి, అచ్చం పొద్దున పొట్టు మీద కదిలినట్టే. కుడిచేతి బొటనవేలు, చేతిలో ఉల్లిగడ్డ ఉన్నట్టే, ఒలుస్తోంది.

ఉదయ్ కుమార్ ఆఖరి పేజీ మాత్రం ఆమె వైపు తిప్పి పెన్ను అందించాడు. నాగలత పెన్ను తీసుకోలేదు.

“అన్నా, దాంట్లో కువైట్ యాడుండాది?”

ఇంగ్లీషు కాగితమని, నీకు తెలియదని అతను నవ్వాడు.

“మస్కట్ అని ఉండాది. విజిట్ అని ఉండాది. ముప్పై దినాలని ఉండాది. ముప్పై దినాలైనంక నేను యాడుండాల?”

నవ్వు ఆగిపోయింది. అతని అరచెయ్యి కాగితం మీద బోర్లా పడింది. ఎవరు చదివి చెప్పారని గద్దించాడు.

“ఎవురూ చెప్పలే. నీ ముందర పెట్టుకుంటివి గదా, ఈడనుంచే సదివినా.”

నాగలత బల్ల మీది తన పాస్‌పోర్టు తీసి చేతపట్టుకుంది. ఒకసారి తెరిచి తన ఫొటో చూసుకుని మూసింది. నాలుగు నెలల ఆశ అది, ఊరికే పోతుందా? బయట బెంచీ మీదివాళ్ళు ఒకరి తర్వాత ఒకరు లేచి గడపలోకి వచ్చారు. వాళ్ళలో ఒకామె మడిచిన తన కాగితాన్ని యేసమ్మకు చాపింది. యేసమ్మ దాన్ని నాగలత చేతిలో పెట్టింది. యేసమ్మ గుండె పొంగిపోయింది, దాచుకోవాలని కూడా అనుకోలేదు.

మూడింటికి మెస్సుకు తిరిగొచ్చేసరికి గంగులయ్య గల్లాపెట్టె దగ్గర నిలబడే ఉన్నాడు. ఉదయ్ కుమార్ ఫోను చేశాడట. ఊళ్ళనుంచి అతని దగ్గరకు వచ్చేవాళ్ళంతా తినేది ఇక్కడే. గంగులయ్య చెడ్డవాడేమీ కాదు, పదకొండేళ్ళుగా ఒక్క మాట అన్నవాడు కాదు. నేలచూపులు చూస్తూ, ఇకనుంచి పేపర్లు వద్దని, నీలం ప్లాస్టిక్ పట్ట కొన్నానని, దాని మీద ఒలుచుకొమ్మని చెప్పాడు. వరండాలో పట్ట అప్పటికే పరిచి ఉంది.

యేసమ్మ కడుపు మండింది.

“కువైట్లో ఆ మేడమ్మ పుస్తకం పెరుక్కునింది గానీ, నేల మీద పేపరు తీయలేదప్పా గంగులయ్యా. ఆ పని నువ్వు చేస్తాండావు.”

అతను ఏదో సర్దిచెప్పబోయాడు. ఆమె వినలేదు. కత్తి కడిగి, కొంగుతో తుడిచి, సంచిలో వేసుకుంది. పీట చంకన పెట్టుకుంది. రెండూ ఆమెవే. ఖాజాబీ మోకాళ్ళు పట్టుకుని లేవబోతే కూర్చోమని సైగ చేసి, జమ్మలమడుగు బస్సుకు పెరటి దారిన బయలుదేరింది.

చెప్పులు తొడుక్కుంటూ ఒకసారి వెనక్కి చూసింది. ఖాజాబీ కాలితో నీలం పట్టను గోడవారకు నెట్టేసింది. పొద్దుటి పేపరు దులిపి మళ్ళీ అదే చోట పరిచింది. గంగులయ్య తలుపులో నిలబడి చూశాడు. రాత్రి భోజనాలకు ఉల్లిగడ్డలు కావాలి, గల్లాపెట్టె దగ్గరికి తిరిగి వెళ్ళిపోయాడు. ఏజెంటు ఆఫీసు బెంచీ మీది ఆడవాళ్ళలో ఇద్దరు ఎప్పుడు వచ్చారో, మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు. నాగలత వాళ్ళకు జాగా చూపించి, తను ఎప్పుడూ కూర్చునే వైపే కూర్చుని కత్తి అందుకుంది.

యేసమ్మ పీట ఉండే చోట ఎవరూ కూర్చోలేదు. పేపరు మాత్రం ఆ ఖాళీ చోటు వైపుకే తిరిగి, నడిమధ్య ఉల్లిరసం మరకతో, ఎవరూ తిప్పకుండా అలాగే పరిచి ఉంది.